మొదటి రెండంగుళాలు

మిషనమ్మ మేస్త్రీ చేతిలో ఏదో పెట్టి, అత్తగారి వాకర్ పట్టకుండా బాత్రూంని ఇరుకుగా కట్టించిందని వీధిలో అంటున్నారు. ఇస్త్రీ బండి దగ్గర అది ఒక జత కమ్మలు. నాలుగిళ్ళు దాటి మందుల కొట్టుకు చేరేసరికి గొలుసైంది. వీధి చివర ట్యూషన్ మాస్టారింట్లో ఆ గొలుసుకి రాళ్ళు కూడా పొదిగారు. ఇంకో వారం ఆగితే సగం ఇల్లు రాసిచ్చిందంటారు. ఈ మాటల వల్ల పాపం మేస్త్రీకి ఈ వీధిలోనే రెండు పనులు పోయాయి. ఒకావిడైతే వంటింటి గట్టు సగంలో ఆపించి, అతని తాపీ, బకెట్టు గేటు బయట పెట్టించింది.

అదంతా అబద్ధం. మేస్త్రీ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. మిషనమ్మ అతనికి ఇచ్చిందల్లా రోజుకి రెండు గ్లాసుల టీ, అందులోనూ రెండోది పలచనిది. అలాగని మిషనమ్మ కడిగిన ముత్యమని చెప్పడానికి కాదు ఈ రాత. అసలు జరిగింది తెలిస్తే పుకారే నయమనిపిస్తుంది.

మిషనమ్మ అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. ముందుగది కిటికీ కింద ఇరవై తొమ్మిదేళ్ళుగా కుట్టుమిషను ఉంది, దాని వెనక ఆమె ఉంది, అందుకని మిషనమ్మ. ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో ఆమె నోటుబుక్కులో ఉంటుంది. అయినా ఒకరి కొలత ఇంకొకరికి చెప్పి ఎరగదు. గోడకు చెవులుంటాయేమో గానీ ఆ కిటికీకి నోరు లేదు. బట్టలు ఆమెకే ఇస్తారు, ఆమె దగ్గర కాస్త జంకుతారు కూడా.

ఆమె మెడలో ఎప్పుడూ ఒక టేపు వేలాడుతూ ఉంటుంది. ఒకప్పుడు పచ్చగా మెరిసేదట, ఇప్పుడు పాత పన్ను రంగు. ఒక కొసకి ఇత్తడి రేకు ఉంది. రెండో కొసకి రేకు లేదు, పోగులు ఊడకుండా ఎర్ర దారంతో దగ్గరగా కుట్టేసి ఉంటుంది. ఆ ఎర్ర దారం పక్కన కనిపించే మొదటి అంకె మూడు. ఒకటీ రెండూ లేవు. వెనకవైపు అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ టేపుతో ఏది కొలిచినా మిషనమ్మ రెండు తీసేసి రాసుకుంటుంది. ముప్పై ఆరు చూస్తుంది, ముప్పై నాలుగు రాస్తుంది. లెక్క వేసి కాదు, రెప్ప వాల్చినంత సులువుగా. కొత్తది కొనుక్కోవచ్చుగా అని అడిగినవాళ్ళకి, దీని సంగతి నాకు తెలుసులే అంటుంది. ఆ రెండంగుళాలు ఎలా పోయాయో మాత్రం ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పేది కాదు. ఆ మాటకొస్తే ఈ వీధిలో గుచ్చి గుచ్చి అడగడంలో తీసిపోయినవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు మంచి జోరు మీద ఉండేది. ఆవిడని పెద్దావిడ అందాం. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి, ఇంట్లో గరిటె కదిలినా ఆవిడకి తెలియాలి. కొత్తకోడలు వచ్చిన మూడో రోజున బాత్రూం తలుపు లోపలి గడియ ఊడదీయించింది. ఇంటి మనుషుల మధ్య గడియలేమిటి అంది. కోడలు స్నానానికి వెళ్తే బయట పీట వేసుకుని కూర్చుని మగ్గులు లెక్కపెట్టేది. ఏడో మగ్గు పడగానే తలుపు మీద దబదబమని కొట్టేది. తలుపుకి గడియ లేదు కాబట్టి ఒక్కోసారి అది తెరుచుకునేది. ఎదురుగా హాల్లో ఎవరు కూర్చుని ఉన్నారన్నది ఆ రోజు అదృష్టం.

కోడలు మూడు నెలలు కుట్టుపని నేర్చుకుంది. నేర్పినావిడ ఇచ్చిందే ఆ టేపు. దగ్గర్లో ఉన్న చిన్న బడి నుంచి నలభై చొక్కాలు కుట్టమని పని వచ్చింది. పిల్లల సైజులు కాగితం మీద రాసి పంపారు. ఇంట్లో తొలిసారి తన పేరు మీద వచ్చిన పని. పెద్దావిడ ఏమీ అనలేదు. చేతిలో నాలుగు డబ్బులాడితే కోడలు చెయ్యిదాటిపోతుందని మాత్రం పక్కింటావిడతో అందట.

చొక్కాకి ఛాతీ కొలతను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్నీ టేపుతో గుడ్డ మీద గుర్తు పెడతారు. భాగానికి రెండంగుళాలు తగ్గితే చొక్కా మొత్తానికి ఎనిమిది తగ్గుతుంది. కత్తిరిస్తున్నప్పుడు ముక్కలు చిన్నవవుతున్నాయని ఆమె చేతికి తోచింది. కానీ నేర్చుకుని మూడు నెలలైన మనిషి, తన చేతిని నమ్ముతుందా, టేపుని నమ్ముతుందా? టేపునే నమ్మింది. నలభై చొక్కాల్లో ఒక్కటీ ఏ పిల్లాడి భుజాలూ దాటలేదు. బడి బంట్రోతు మూట తెచ్చి గుమ్మంలో పడేసి వెళ్ళాడు. పెద్దావిడ ఆ చొక్కాల్ని పారేయనివ్వలేదు. రెండేళ్ళ పాటు అవే బాత్రూం తుడిచే గుడ్డలు. తుడిచేది ఎవరో వేరే చెప్పాలా?

మూట వచ్చిన నాలుగో రోజున, బాత్రూం తూము మూసుకుపోయిందని జాలీ తీసి వెంట్రుకలు లాగుతుంటే వాటి మధ్య పచ్చటి ముక్క ఒకటి వచ్చింది. కడిగి చూసింది. ఒకటి, రెండు. అంతే ఉన్నాయి దాని మీద. అప్పుడు వెళ్ళి టేపు తీసి చూసింది. కొసన ఇత్తడి రేకు ఉంది గానీ దాని మీద రోకలి దెబ్బలున్నాయి. ఎవరో రేకు ఊడదీసి, రెండంగుళాలు కత్తిరించి, మళ్ళీ రేకు తొడిగి రోకలితో నొక్కారు. ఆ ఇంట్లో అంత ఓపిక ఒక్కరికే ఉంది.

మొగుడికి చెబితే, మా అమ్మ అలాంటిది కాదంటాడు. అత్తగారిని అడిగితే ఏడో మగ్గు కాస్తా అయిదో మగ్గు అవుతుంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. రేకుని పళ్ళతో పీకేసి, అంచుకి ఎర్ర దారంతో కుట్టు వేసి, టేపు మెడలో వేసుకుంది. ముక్కని మిషను సొరుగులో బాబిన్ల కింద పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక బాత్రూం సంగతి.

నిరుడు పెద్దావిడ నెల్లాళ్ళుండి వద్దామని కూతురింటికి వెళ్ళి, అక్కడ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు. చేతికి వాకర్ ఇచ్చారు. అది లేకుండా అడుగు తీసి అడుగు వేయడానికి లేదు, ఇంతకంటే ఇరుకైనది వాడితే ఆ ఒంటికి పక్కకి ఒరిగిపోతుందని ఆస్పత్రివాళ్ళు ఖచ్చితంగా చెప్పారు. కాగితం మీద రాసి కూడా ఇచ్చారు: వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు.

అయిదో నెల వచ్చేసరికి కూతురికి తల్లి మీద ప్రేమ పలచబడింది. అన్నకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పింది. ఊరి బయట ముసలివాళ్ళని ఉంచే చోట ఒక మంచం ఖాళీ అయింది. వాళ్ళు నెలాఖరు దాకా ఆగుతామన్నారు. ఆ లోపల అన్నయ్య ఇంట్లో బాత్రూం అమ్మ వాకర్‌తో వెళ్ళేలా తయారైతే అమ్మ ఇంటికి, లేదంటే మంచానికి. పెద్దావిడకీ ఈ సంగతి తెలుసు. జీవితంలో మొదటిసారి ఆవిడకి నిజంగా భయం వేసింది. ఆ మంచాల దగ్గర బాత్రూములకి గడియలుండవని ఎవరో చెప్పారు.

పెద్దావిడ కొడుకు, అంటే మిషనమ్మ మొగుడు, ఒక ఆఫీసు గోదాములో గుమస్తా. ముప్పై ఏళ్ళుగా రిజిస్టర్లు రాసి రాసి అతనికి ఒక నమ్మకం ఏర్పడిపోయింది. రిజిస్టరులో నలభై ఆరు బకెట్లుండి, గోదాములో నలభై నాలుగే కనిపిస్తే, తప్పు గోదాముదే. మేస్త్రీని ముందే పిలిస్తే వాడి ఇష్టమొచ్చినట్టు చేస్తాడని, ప్లాను తనే గీస్తానని గళ్ళ కాగితాలు కొన్నాడు. నీళ్ళ గొట్టానికి నీలం, మురుగు గొట్టానికి గోధుమరంగు, వాకర్ దారికి ఆకుపచ్చ. ఆ పెన్సిళ్ళు చెక్కుకోవడానికే ఒక ఆదివారం పట్టింది.

ప్లాను దగ్గర ఉండి చూసుకుంటానని పెద్దావిడ పట్టుబట్టి, కూతురితో బాడుగ కారులో వచ్చింది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరి కోరికలు వాళ్ళు చెప్పారు. గుమస్తాకి నెత్తి మీద వానలా పడే షవరు కావాలి. అక్కడ స్నానం చేసేది తను కాకపోయినా ఆడపడుచుకి హోటల్లో ఉన్నలాంటి గోడబిళ్ళలు కావాలి, ఫోనులో బొమ్మలు చూపించింది. పెద్దావిడకి కూర్చునే బల్ల కావాలి, కుడిచేతికి అందేలా కుళాయి కావాలి. ఆ తర్వాత, లోపల గట్టి గడియ ఒకటి పెట్టించమంది. ఎవరు పడితే వాళ్ళు తోసుకుని లోపలికి వస్తే మర్యాదగా ఉంటుందా అంది.

మిషను ఒక్క కుట్టు ఆగి, మళ్ళీ నడిచింది.

మిషనమ్మని ఎవరూ అడగలేదు. ఆమె తనంతట తనే ఒక మాట అంది, తలుపు బయటికి తెరుచుకునేలా పెడితే మంచిది, లోపల జారిపడితే తలుపు అడ్డం పడకుండా ఉంటుంది అని. మంచి మాటే. ఆస్పత్రి కాగితంలోనూ అదే ఉంది, ఎవరూ అంతవరకూ చదవలేదంతే.

పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది.

"విన్నావురా? నేనింకా ఇంటికి మకాం మార్చనేలేదు, అప్పుడే నన్ను కింద పడేసి, బయటికి లాగడానికి దారి కూడా చూసుకుంటోంది."

ఆడపడుచు నవ్వింది. గుమస్తా నవ్వలేదు గానీ నవ్వొద్దని కూడా అనలేదు. ప్లానులో తలుపు లోపలికే గీశాడు.

తర్వాత అతను చెయ్యి చాపి టేపు ఇమ్మన్నాడు. మిషనమ్మ మెడలోంచి తీసి ఇచ్చింది. ఇస్తూ ఒక్క క్షణం వదల్లేదు. అతను లాగితే వదిలింది.

ఆ బాత్రూం రైలుపెట్టె నడవలా పొడుగ్గా సన్నగా ఉంటుంది. ఒక గోడకి బేసిన్ ఉన్న అలమార పెట్టాలి, దాని పక్కనుంచి వాకర్ లోపలికి నడవాలి. అందుకని అన్నిటికంటే ముఖ్యమైన కొలత వెడల్పు. గుమస్తా ఒక గోడ దగ్గర టేపు పట్టుకున్నాడు. రెండో కొస పట్టుకోవడానికి ఎవరైనా కావాలి. బాత్రూం తలుపుకి ఎదురుగా మిషను దగ్గర కూర్చున్న మిషనమ్మ లేవబోయింది.

"నువ్వు కూర్చోవే తల్లీ. కొస నేను పట్టుకుంటాలే" అంది పెద్దావిడ. అప్పటికే ఆవిడ కుర్చీ బాత్రూంలోకి వేయించుకుని ఉంది. ఎర్ర దారం ఉన్న కొస బొటనవేలి కింద పెట్టి గోడకి నొక్కిపట్టింది. పట్టుకుని కూతురికి పాత కథ ఒకటి మొదలుపెట్టింది. మీ వదిన కొలతల సంగతి నీకు తెలియదు, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, బడి పిల్లలకని నలభై చొక్కాలు కుడితే నలభయ్యీ దిండు గలీబులయ్యాయి, ఆ బంట్రోతు మొహం చూడాలి నువ్వు అని, చెబుతూ చెబుతూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వుకి చెయ్యి ఊగుతోంటే గుమస్తా, అమ్మా కదలకు అని విసుక్కున్నాడు.

పెద్దావిడ కోడలి వైపు తల తిప్పింది.

"గుర్తుందా?"

"గుర్తుందత్తయ్యా" అంది మిషనమ్మ.

ఆమె కళ్ళు మాత్రం అత్తగారి మొహం మీద లేవు. ఎర్ర దారం మీద ఉన్న ఆ బొటనవేలి మీద ఉన్నాయి. మిషను ఆగిపోయి ఉంది. సూది గుడ్డలోకి దిగి అక్కడే నిలబడింది.

"నలభై ఆరు" అన్నాడు గుమస్తా. ఎర్రటి అంకెలతో రాసి చుట్టూ సున్నా చుట్టాడు.

మిషనమ్మ మనసులో అది నలభై నాలుగు. అలవాటుగా పడిపోయింది, ఆపుకోవడానికి కూడా వీల్లేకుండా. మిగతా లెక్క గుమస్తా బయటికే చెప్పుకుంటున్నాడు: నలభై ఆరులో బేసిన్ అలమారకి ఇరవై, గోడబిళ్ళలకీ వాటి కింది సిమెంటుకీ కలిపి ఒకటి, మిగిలింది ఇరవై అయిదు. వాకర్ ఇరవై నాలుగు. ఇంకా ఒక అంగుళం మిగిలింది చూశారా, ప్లాను అంటే ఇదీ అన్నాడు. అదే లెక్క మిషనమ్మ నలభై నాలుగుతో వేసుకుంది. ఇరవై మూడు వచ్చింది. ఒక అంగుళం చాలదు.

ఆ ఒక్క అంగుళం మీద అత్తగారి ఇల్లు ఆగి ఉందని ఆ గదిలో తెలిసింది ఆమెకొక్కదానికే. పెద్దావిడ టేపు వదిలేసింది. అది కొరడాలా చప్పుడు చేస్తూ కింద పడింది. మిషనమ్మ వెళ్ళి తీసుకుని, పొడి గుడ్డతో తుడిచి, మెడలో వేసుకుంది. మళ్ళీ కుట్టుకుంది. సాయంత్రానికి ఎవరిదో గౌను పూర్తయింది. కుట్టు ఎక్కడా తప్పలేదు.

ఆ తర్వాత చెప్పడానికి రెండుసార్లు వీలు చిక్కింది. ఒకసారి కొట్లో. బేసిన్ అలమార తగ్గింపు ధరలో ఉంది. పైన బండరాతి పలకతో మంచి బరువైన సరుకు, కానీ ఒకసారి కొంటే వాపసు లేదని బోర్డు పెట్టారు. గుమస్తా ఆమెనీ వెంటబెట్టుకెళ్ళాడు, ఎంపిక చేయడానికి కాదు, ఆటోలో పక్కన కూర్చుని పట్టుకోవడానికి. కొట్టువాడు, కొలత సరిచూసుకున్నారా అమ్మా, మళ్ళీ మార్చం అని ఆమెనే అడిగాడు. ఆమె మొగుడి వైపు చూసింది. గుమస్తా గళ్ళ కాగితం విప్పి చూపించాడు. ఇక కొట్టువాడు ఏమంటాడు?

రెండోసారి, మేస్త్రీ పనిలోకి దిగిన రోజు. ఇక్కడే వీధివాళ్ళు చెవులు రిక్కించి వినాలి. మేస్త్రీ తన ఇనుప టేపుతో గోడ నుంచి గోడకి కొలిచి, సార్, వెడల్పు నలభై నాలుగే వస్తోంది అని చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. గుమస్తా నవ్వాడు. పాత సిమెంటు కొట్టేస్తే పెరుగుతుందిలే అన్నాడు. కొట్టింది మళ్ళీ పూయాలి కదా సార్ అన్నాడు మేస్త్రీ. ప్లానులో ఏముందో అది చెయ్యి, నీ పని కట్టడం, నా పని రాయడం అన్నాడు గుమస్తా. మేస్త్రీ మిషనమ్మ వైపు చూశాడు. అమ్మా, మీరైనా చెప్పండి అన్నట్టుగా. ఆమె టీ గ్లాసు అతని పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పలచని టీ.

మేస్త్రీ తప్పు ఏదైనా ఉంటే, అతను ఇంకోసారి చెప్పకపోవడమే. అదీ తప్పంటే ఈ వీధిలో మూడుసార్లు చెప్పించుకోకుండా విన్న మనిషిని చూపించండి.

ఇరవై రోజుల్లో బాత్రూం తయారైంది. చూడటానికి బాగుంది, అది ఒప్పుకోవాలి. తెల్లటి గోడబిళ్ళలు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు, కూర్చోవడానికి బల్ల, కుడివైపు కుళాయి, తలుపు లోపల వేలంత లావు గడియ. గుమస్తా ప్లాను కాగితాన్ని పెట్టెలోంచి తీసి, అచ్చం గీసినట్టే ఉందని అందరికీ చూపించాడు. నెలాఖరుకి ఇంకా మూడు రోజులుండగా పెద్దావిడ వచ్చింది. ఈసారి సామానంతా తెచ్చుకుంది. రెండు సూట్‌కేసులు, ఒక పరుపుచుట్ట, పాత గోడగడియారం. కారువాడు దించబోతే ఆడపడుచు, ఒక్క నిమిషం ఉండు, ముందు అమ్మని నడిపించి చూద్దాం అంది.

పెద్దావిడ వాకర్ పట్టుకుని హాల్లోంచి నెమ్మదిగా నడిచింది. అయిదు నెలల తర్వాత సొంత ఇంట్లో ఉండిపోవడానికి వచ్చింది, మొహం వెలిగిపోతోంది. గుమ్మం దాటింది. రెండడుగులు వేసింది. బేసిన్ అలమార దగ్గర వాకర్ కాళ్ళు ఒకపక్క బండకి, ఇంకోపక్క గోడకి తగిలి ఠంగుమన్నాయి. పక్కకి తిప్పి చూసింది. వెనక్కి లాగి మళ్ళీ తోసింది. కొత్త గోడబిళ్ళ మీద గీత పడింది. వాకర్ ఎత్తి పక్కవాటంగా పెట్టబోతే కాలు వణికింది, గుమస్తా పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. బల్ల రెండు అడుగుల దూరంలో ఉంది. కుళాయి మెరుస్తోంది. గడియ తలుపుకి ఉంది. ఆవిడ మాత్రం అక్కడే ఉంది.

మిగిలిన పని కోసం అక్కడే ఉన్న మేస్త్రీ మీద గుమస్తా విరుచుకుపడ్డాడు. కొంప ముంచావన్నాడు, ఎవరు చెబితే ఇలా ఇరుకు చేశావన్నాడు. ఆ మాటే కిటికీలోంచి వీధిలోకి వెళ్ళి కమ్మలైంది, గొలుసైంది. మేస్త్రీ మెత్తటివాడు, తిరిగి అరవలేదు. ఇనుప టేపు తీసి గోడ నుంచి గోడకి పరిచాడు. తర్వాత, మీ టేపు కూడా ఒకసారి ఇప్పించండమ్మా అన్నాడు. మిషనమ్మ మెడలోంచి తీసి ఇచ్చింది. ఈసారి వెంటనే వదిలింది. రెండు టేపుల్నీ పక్కపక్కన నేల మీద పెట్టి, మేస్త్రీ ఎర్ర దారం మీద వేలు పెట్టి చూపించాడు.

"సార్, మీ టేపులో ఒకటీ రెండూ లేవు."

అందరూ వంగి చూశారు. గుమస్తా గళ్ళ కాగితంలో నలభై ఆరు చుట్టూ చుట్టిన సున్నా వైపు, నేల మీద టేపుల వైపు మార్చి మార్చి చూశాడు. ఆఖరికి, ఇలాంటి టేపు ఇంట్లో ఎందుకుంచుతారో అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు, గోడతో అన్నాడు.

అలమార తీసేయొచ్చా అని అడిగితే, బండ గోడలోకి దిగిపోయింది, తీస్తే గోడబిళ్ళలు పగులుతాయి, గొట్టం మళ్ళీ తిప్పాలి, నెల పడుతుందన్నాడు మేస్త్రీ. మంచంవాళ్ళు మూడు రోజులకి మించి ఆగరు అంది ఆడపడుచు. నెలరోజులు నువ్వే ఉంచుకోవచ్చుగా అని గుమస్తా అనలేదు, ఆడపడుచు అననివ్వలేదు. ఈలోగా ఎవరైనా చేతుల మీద తీసుకెళ్ళి కూర్చోబెడితే సరిపోతుందేమో అంది ఆడపడుచే, ఎటో చూస్తూ. అందరూ మిషనమ్మ వైపు చూశారు. ఆమె గోడబిళ్ళ మీద పడిన గీతని కొంగుతో తుడుస్తోంది. నువ్వు మోస్తావా అని అడిగితే ఏమనేదో తెలియదు. ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ గదిలో ఇద్దరు మనుషులు కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. ఆ ఇద్దరూ పెద్దావిడ కన్న పిల్లలే. ఆవిడ అది విన్నది కూడా. ముసలితనంలో చూపు తగ్గినా అలాంటివి బాగా వినబడతాయి.

ఆడపడుచు ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది. అవునండీ, రేపే తీసుకొస్తాం, అవునండీ, నడుస్తుంది అనడం లోపలికి వినిపిస్తోంది. గుమస్తా కారువాడికి సామాను దించొద్దని చెప్పడానికి వెళ్ళాడు. మేస్త్రీ తన పనిముట్లు సర్దుకుంటున్నాడు. అందుకే ఆ తర్వాత జరిగింది చూసినవాడు అతనొక్కడే, ఈ వీధిలో అతని మాట ఎవరూ నమ్మకపోయినా.

పెద్దావిడ హాల్లో కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో మిషనమ్మ టేపు ఉంది. మేస్త్రీ తిరిగి ఇస్తుంటే ఆవిడే చెయ్యి చాపి తీసుకుంది. ఇటు కొస చూసింది, ఇత్తడి రేకు. అటు కొస చూసింది, ఎర్ర దారం. బొటనవేలితో దారాన్ని నెమ్మదిగా రుద్దింది. ఒకసారి రుద్దింది, ఇంకోసారి రుద్దింది. వేలు ఆగిపోయింది.

మొహంలో రంగు దిగిపోవడం మేస్త్రీ కళ్ళారా చూశాడు. ఒంట్లో బాగాలేదేమోనని మంచినీళ్ళు తేబోయాడు. ఆవిడ వద్దని చెయ్యి ఊపింది. బయట కారువాడు డిక్కీ మూసిన చప్పుడైంది.

"ఈ దారం నువ్వు కుట్టిందేనా?"

"నేనేనత్తయ్యా."

"ఎప్పుడు?"

"చొక్కాలు వెనక్కి వచ్చిన వారంలో."

పెద్దావిడ వాకర్ మీద చేతులు బిగించి పట్టుకుంది. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం ఆ ఇంటి గోడలు కూడా ఎప్పుడూ వినలేదు.

"ఇది పొట్టిదని నీకు తెలుసు. వాడు కొలుస్తున్నప్పుడు నువ్వు ఎదురుగానే కూర్చున్నావు. ఎందుకు చెప్పలేదే?"

మిషనమ్మ ఆవిడ ఒళ్ళోంచి టేపు తీసుకుని, మెడలో వేసుకుని, రెండు కొసలూ సమంగా సర్దుకుంది.

"కొస పట్టుకుంది మీరు కదా అత్తయ్యా. గుర్తొచ్చి మీరే చెబుతారేమోనని చూశాను."